ఉపకారమా, వేతనమా?

మన భాషలో 'ఉపకార వేతనము' అను మాట యొకటి కలదు. ఉన్నత పాఠశాల గోడమీది ప్రకటన మొదలు విశ్వవిద్యాలయపు దరఖాస్తు వరకు అది కనబడని చోటు లేదు. ఎన్నడో యొక అనువాదకుడు ఆ రెండు పదములను జతపరచినాడు. నాటినుండి అందరము వాడుకొనుచున్నాము గాని, ఆ రెండును ఒకదానితో నొకటి పొసగునా యని ఆగి విచారించినవారము తక్కువ. ఉపకారమనగా ప్రతిఫలము కోరక చేయు మేలు; చేయకున్నను అడుగువాడు లేడు, చేసినచో చేతులు జోడించి పుచ్చుకొనవలసినదే. వేతనమనగా పడిన శ్రమకు రావలసిన కూలి. ఇయ్యవలసినవాడు ఇయ్యనిచో నిలదీసి అడుగుటకు పాటుపడినవానికి అధికారమున్నది. ఒకటి దాత హృదయమునుండి, రెండవది గ్రహీత స్వేదమునుండి పుట్టినవి. పేదవాని బిడ్డ చదువుకొనుటకై సంఘము వెచ్చించు సొమ్ము ఈ రెండింటిలో ఏది? ఈ ప్రశ్న లెక్కల గుమాస్తాలది కాదు, ధర్మశాస్త్రమునకు సంబంధించినది. ఏలయనగా, మన జనుల నోట 'ధర్మము' అను మాటకే రెండర్థములు స్థిరపడినవి: న్యాయస్థానము మెట్లమీద నిలిచినవాడు 'ధర్మము చేయుడు' అనిన అతడు కోరునది న్యాయము, దేవాలయము మెట్లమీద కూర్చున్నవాడు అదే మాట అనిన అతడు కోరునది కాసు. విశ్వవిద్యాలయపు గవాక్షము ముందు నిలిచిన విద్యార్థి ఏ మెట్లమీద నిలిచియున్నట్లు?

మా తండ్రిగారు విజయనగరము సంస్కృత కళాశాలలో వారాలు చేసికొని చదువుకొన్నారు. ఈ తరము వారికి ఆ మాట తెలియకపోవచ్చును. సోమవారమొక యింట, మంగళవారమొక యింట, ఇట్లు ఏడు దినములకు ఏడిండ్లు కుదుర్చుకొని, ఏ దినమున ఏ యింట భోజనమో ఆ యింటి ముంగిట వేళకు నిలుచుట వారాలు చేయుట. ఏడిండ్లూ ఒక తీరుగ నుండవు. గురువారపు ఇల్లాలు ఇంటి పిల్లలతో పాటు పంక్తిలో కూర్చుండబెట్టి, మజ్జిగ పోయువేళ 'అక్షరము వంటబట్టుచున్నదా నాయనా' అని యడిగెడిదట. శనివారపు ఇంట అందరి భోజనములైన పిదప వంటయింటి గుమ్మము కడ విస్తరి వేసెడివారట. మా తండ్రిగారు ఈ రెండింటిని చెప్పినప్పుడు గొంతు మారెడిది కాదు. శనివారపు అన్నము కూడ అన్నమే యని వారి మతము. అయితే వారొక పని చేసినారు, దానిని నేను బాల్యమున చూచియు అర్థము చేసికొనలేకపోతిని. మహాలయ పక్షమున పితృతర్పణములు ముగించి, గురువులకును, ఆప్తులకును నువ్వులనీరు విడుచువేళ, ఆ ఏడుగురు తల్లుల పేర్లును గోత్రములతో సహా వరుసగా చెప్పి వదలెడివారు. గోత్రములెట్లు తెలిసినవని యడిగితిని. చదువు ముగిసి ఊరు విడుచు దినమున ఏడిండ్లకును పోయి, పాదములంటి, అడిగి తెలిసికొన్నారట.

వారు ఆ యన్నమును భిక్షగా తలంపలేదు, కూలిగా తలంపలేదు, ఋణముగా తలంచినారు. పుట్టినవాడు దేవతలకు, ఋషులకు, పితరులకు ఋణగ్రస్తుడై పుట్టునని మన పెద్దలు చెప్పిరి. దేవఋణము యజ్ఞముచేతను, పితౄణము సంతానముచేతను తీరును. ఋషిఋణము తీరుటకు చదువు తప్ప వేరుదారి లేదు. ఈ మాట యందలి చమత్కారమును గమనింపవలెను. చదువుకొనుట వలన మనకొక ప్రయోజనము కలుగునని గాక, చదువుకొనుటయే మనము తీర్చుచున్న బాకీ యని ఆ భావము. విద్య ఎవరిచేత పుట్టినదో వారికి దానిని మరల ఇయ్యలేము. మన తరువాతివారికి ఇచ్చినచో ఆ ఋణము తీరినట్లగును. కనుక విద్యార్థికి అన్నము పెట్టువాడు అతనికి మేలుచేయుచున్నాడనుట సగము సత్యము. తాను తీర్చవలసిన బాకీని ఆ పిల్లవాని విస్తరిలో వడ్డించి తీర్చుకొనుచున్నాడనుట మిగిలిన సగము.

ఇచ్చట ఒక మాట దాచరాదు. ఆ ఏడిండ్ల గడపలును ఒక కులమునకే తెరచినవి. మా తండ్రిగారితో సమానముగ తెలివి గలిగి, ఊరి వెలుపలి పేటలో పుట్టిన బాలునకు ఎనిమిదవ యిల్లు ఏ వీధిలోను లేదు. ఏకలవ్యుని కథలో ప్రవేశము నిరాకరింపబడెను గాని దక్షిణ మాత్రము వసూలు చేయబడెను. ఆ కథను గురుభక్తికి దృష్టాంతముగ చెప్పువారిని నేను సమర్థింపజాలను. అంబేద్కరు మహాశయుడు 1913లో కొలంబియా విశ్వవిద్యాలయమునకు పోగలిగినది బరోడా సంస్థానాధీశుడు సయాజీరావు గాయక్వాడు మూడేండ్లపాటు నెలకు 11.50 పౌన్ల చొప్పున మంజూరుచేసిన వేతనముచేత. ఒక రాజు దయతలచుటచే ఒక్కడు పోగలిగెను. దయ యెక్కడ ఆగునో అక్కడ విద్య ఆగిపోవుటయే ఉపకారమునందలి దోషము. 1944లో షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్ అనంతర ఉపకార వేతనములను భారత ప్రభుత్వము ప్రారంభించినప్పుడు, మన ఇల్లాండ్రు ఎన్ని తరములు గడచినను పెట్టని ఆ ఎనిమిదవ యింటి విస్తరిని రాజ్యము వేసినట్లయ్యెను. పేరు మాత్రము ఉపకారమనియే పెట్టిరి.

దాతయు గ్రహీతయు ఎట్లుండవలెనో కాళిదాసు రఘువంశము అయిదవ సర్గలో చూపినంత సూక్ష్మముగ మరి యెవరును చూపలేదని నా నమ్మకము. వరతంతు మహర్షి శిష్యుడైన కౌత్సుడు పదునాలుగు విద్యలును నేర్చి, గురుదక్షిణ యేమి యియ్యవలెనని యడిగెను. నీ శుశ్రూషయే చాలునని గురువనెను. శిష్యుడు మరల మరల అడుగగా కోపించి, విద్యకొక కోటి చొప్పున పదునాలుగు కోట్లు తెమ్మనెను. విద్య పూర్తియగునంతవరకు రుసుము మాట పుట్టలేదనియు, పుట్టినప్పుడైనను శిష్యుని బలవంతముచేతనే పుట్టెననియు మనము గుర్తుంచుకొనవలెను. కౌత్సుడు రఘుమహారాజు నొద్దకు వచ్చునప్పటికి ఆయన విశ్వజిద్యాగము చేసి సర్వస్వమును దానమిచ్చి, అతిథికి అర్ఘ్యము మట్టిపాత్రతో తెచ్చినాడు. ఆ మట్టిపాత్రను చూచినంతనే కౌత్సునకు సంగతి తెలిసిపోయెను. నోరు తెరచి యడుగక, ఆశీర్వదించి వెడలబోయెను. రాజు పోనీయలేదు. ఎంత కావలెనో చెప్పించుకొని, రెండు మూడు దినములు తన అగ్నిగృహమున ఉండుమని ప్రార్థించి, కుబేరునిమీదికి దండెత్తుటకు రథమునందే శయనించెను. తెల్లవారునప్పటికి కోశగృహమున కనకవర్షము కురిసినది. రఘువు ఉన్నదంతయు తీసికొమ్మనును. కౌత్సుడు గురువుకు ఇయ్యవలసినదానికన్న ఒక్క కాసు అదనముగ ముట్టననును. సాకేతపురవాసులు ఈ ఇరువురిని సమానముగ మెచ్చుకొనిరట.

నేనీ కథను తరగతిలో ఎన్నియో మారులు చెప్పితిని. చెప్పిన ప్రతిసారియు నా మనస్సు ఒకచోటనే ఆగెడిది. రఘువు కౌత్సుని నీ తండ్రి ఆదాయమెంత యని అడుగలేదు. లేమి తెలియపరచుకొనిన లజ్జ ఆ ఘట్టమున యాచకునిది కాదు, మట్టిపాత్ర పట్టుకొన్న దాతది. 'నా గడపకు వచ్చి విద్యార్థి రిక్తహస్తములతో పోయినాడన్న అపకీర్తి నాకు రాగూడదు' అన్నది ఆ రాజు ఆందోళనము. పెట్టె ఖాళీగనున్నదని చెప్పుటకు ఆయనకు సంపూర్ణమైన కారణమున్నది; అయినను చెప్పలేదు.

మనువు మూడవ అధ్యాయమున, జీతము పుచ్చుకొని వేదము చెప్పువానిని, జీతమిచ్చి చెప్పించుకొన్నవానిని, ఇరువురిని శ్రాద్ధ పంక్తికి దూరముగ నుంచినాడు. అమ్మినవాడే కాక కొన్నవాడును చెడినాడని ఆ తీర్పు. ఇది నేటి ఆచార్యునకు వర్తించునా? నెలజీతము పుచ్చుకొనుచు ముప్పది యేండ్లు పాఠము చెప్పిన నేను ఈ ప్రశ్నను తప్పించుకొని తిరుగరాదు. దీనికి సమాధానము నాకు ధర్మశాస్త్ర గ్రంథములలో గాక ఒక రాతిమీద దొరకినది. గుంటూరు ప్రాంతమున మందడమునకు చేరువ మల్కాపురమున 1261వ సంవత్సరపు శాసనమొకటి కలదు. కాకతి రుద్రమదేవి, గోళకీ మఠాధిపతియైన విశ్వేశ్వర శంభువునకు మందడము, వెలగపూడి గ్రామములను ధారవోయగా, ఆయన ఆ రాబడిని పంచిన తీరు అందులో చెక్కబడియున్నది. దేవాలయమునకు, మఠమునకు, విద్యార్థుల పోషణమునకు, వేదములను శాస్త్రములను చెప్పు ఉపాధ్యాయులకు, ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఎవ్వరు వచ్చినను అన్నము పెట్టు సత్రమునకు భాగములు ఏర్పరుపబడినవి. ఉపాధ్యాయుడు పొలము పంట తిని పాఠము చెప్పినాడు. శిష్యుడు అదే పొలము పంట తిని పాఠము విన్నాడు. ఇరువురి మధ్య బేరము లేదు. విద్యను పోషించు సొమ్ము విద్యార్థి చేతినుండి ఆచార్యుని చేతికి రాక, ఊరి పొలమునుండి ఇరువురికి వచ్చినచో అది విక్రయము కాదని నేను తెలిసికొంటిని. ఆ వెలగపూడియందే నేడు ఆంధ్రప్రదేశ్ సచివాలయమున్నది. విద్యార్థుల రుసుములకు సంబంధించిన దస్త్రములు కదలవలసినదియు, ఆగిపోవునదియు ఏడువందల యేండ్లకు పూర్వము విద్యార్థుల కొరకు ధారవోసిన ఆ నేలమీదనే.

మన ప్రాంతీయ విశ్వవిద్యాలయములు ఆ మాన్యముల సంతతి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడ యందు పుట్టి, 1930లో వాల్తేరు చేరిన పిదప, దానిని నిలబెట్టినది ప్రభుత్వపు గ్రాంటుతోపాటు జయపురాధీశుడు విక్రమదేవ వర్మ యేటేట ఇచ్చిన లక్ష రూపాయలు. కట్టమంచి రామలింగారెడ్డిగారి పిదప 1931 నుండి 1936 వరకు అచ్చట ఉపాధ్యక్షులుగనుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి చదువంతయు ఉపకార వేతనములమీదనే సాగినది. వారు తత్త్వశాస్త్రమునకు వచ్చుటకు హేతువు కూడ లోకవిదితమే: వారు చదివిన కళాశాలలోనే పట్టము పుచ్చుకొనిన బంధువొకడు తన పాత పుస్తకములను ఇచ్చివేయగా, కొత్తవి కొను స్తోమత లేని ఆ బాలుడు ఆ పుస్తకములు ఏ శాస్త్రమునకు చెందినవో ఆ శాస్త్రమునే యెన్నుకొనెను. వేదాంతమును పాశ్చాత్యులకు బోధించిన మహాపండితుడు ఆ వేదాంతమువద్దకు చేరినది ఉచితముగ లభించిన పుస్తకముల దారిని. ఆ పుస్తకములిచ్చిన బంధువు చేసినది ఉపకారమా? అతనికి వాటితో పని తీరినది, ఇచ్చినాడు. అంతకుమించి అతడేమియు తలంచియుండడు.

ఇక నేటి సంగతి. 2008 ప్రాంతమున ఉమ్మడి రాష్ట్రమున ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించినప్పుడు ఎందరి యిండ్లలోనో మొట్టమొదటి పట్టభద్రుడు పుట్టినాడు. దానిని నేను కన్నులార చూచితిని, దానిని తేలికచేసి మాటలాడువారితో ఏకీభవింపను. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో దానినే విద్యాదీవెన అనియు, భోజన వసతులకు పట్టభద్ర తరగతులవారికి ఏటికి 20,000 రూపాయలిచ్చు పథకమును వసతి దీవెన అనియు పిలిచిరి. ప్రభుత్వములు మారినకొలది పేర్లు మారును. ఉపకారము, దీవెన, కానుక అను పేర్లు పెట్టుట యందే నాకు కష్టము తోచును. దీవెన పెద్దలు పిన్నలకు ఇచ్చునది, ఆలస్యమైనను నిలదీయుటకు వీలులేనిది. బాకీకి గడువుండును. దీవెనకు గడువేమున్నది? ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలల విషయమున 1993లో ఉన్నికృష్ణన్ వ్యాజ్యమందు సుప్రీంకోర్టు ఉచిత సీట్లనియు, పేమెంటు సీట్లనియు విభజించినది. 2002లో ఆ యేర్పాటు పోయినను, ఆ భావము మాత్రము ప్రభుత్వ విశ్వవిద్యాలయముల లోనికి కూడ సెల్ఫ్ ఫైనాన్స్ సీటుగ ప్రవేశించి, ఒకే బల్లమీద, ఒకే పాఠము వినుచున్న ఇద్దరు ఒకే జ్ఞానమునకు రెండు వెలలు చెల్లించు స్థితి వచ్చినది.

కొన్నేండ్ల క్రిందట, నేను ఉద్యోగవిరమణ చేసిన పిదప, ప్రవేశముల ఋతువులో ఒక విశ్వవిద్యాలయపు కార్యాలయము వసారాలో ఒక మిత్రునికొరకు వేచియుంటిని. శ్రీకాకుళము వైపునుండి వచ్చిన తల్లియు కూతురును నా ప్రక్క బల్లమీద కూర్చుండిరి. కూతురి ఒడిలో బట్టల దుకాణపు సంచి. దానిలో ర్యాంకు కార్డు, మార్కుల జాబితాలు, కుల ధ్రువపత్రము, తాసిల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రము, రేషను కార్డు, ఒక్కొక్కటికి మూడేసి జెరాక్సులు. తల్లి వ్రేళ్ల కొనలు నల్లబడి, చర్మము చిట్లియున్నది. జీడిపిక్కలు ఒలుచువారి వ్రేళ్లు. ఆ జీడి ఎన్ని దినములు కడిగినను పోదు. పిల్లకు ఎమ్మెస్సీలో మంచి సీటే వచ్చినది. కాని డిగ్రీ చదివిన ప్రైవేటు కళాశాల వారు, ప్రభుత్వమునుండి తమకు రావలసిన రుసుము రాలేదు గనుక, ఆ సొమ్ము కట్టినగాని టి.సి. ఇయ్యమనిరట. టి.సి. లేనిదే ఇచ్చట చేర్చుకొనరు. గడువు మరునాటితో సరి.

గుమాస్తా మంచివాడే, నిబంధన చెప్పినాడు. ఆ తల్లి నావైపు తిరిగి, నా తెల్లజుట్టు చూచి పంతులుననుకొని కాబోలు, అన్నది: "మేస్టారూ, మేం అడుక్కోడానికి రానేదండి. ఫీజు గవర్మెంటు కడతాదని ఆలే సెప్పారు. మా పిల్ల సదివింది, పాసయ్యింది. మరి మాదేటి తప్పండి?"

నేను ముప్పది యేండ్లు దానధర్మములను గూర్చి వ్యాఖ్యానించినవాడను. ఆమె ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయెను. 'పిల్ల చదివింది' అన్నప్పుడు ఆమె ఒక పని పూర్తియైనదని చెప్పుచున్నది. తన వ్రేళ్లు ఎరిగిన పనివలెనే అదియు ఒక పని యని, దానికి రావలసినది రాలేదని చెప్పుచున్నది. ఆమె దృష్టిలో అది వేతనము. మా మిత్రుడు లోపలికి పోయి మాటలాడగా రెండు దినముల గడువు దొరకినది. ఆ రెండు దినములలో ఆమె చెవికమ్మలు తాకట్టుపెట్టి, కళాశాలకు కట్టి, టి.సి. తెచ్చి పిల్లను చేర్పించినది.

తాకట్టుకు వడ్డీ ఉన్నది. రాజ్యము కట్టవలసిన సొమ్మును ఆమె కట్టినది. అది ఎన్ని నెలలు ఆలస్యమైనదో అన్ని నెలల వడ్డీని ఆమె భరించినది. అనగా ఆ యేడు జీడిపిక్కల కూలి యొకతె ప్రభుత్వమునకు అప్పిచ్చినది, అదియు వడ్డీ లేకుండ. ఉపకారము చేసినవారెవరు, పొందినవారెవరు?

ఊరక వచ్చినదానికి విలువ యుండదని చెప్పువారు మనలో కలరు. వారిలో పెక్కుమంది నా యీడువారు, ప్రభుత్వ కళాశాలలలో నామమాత్రపు రుసుముతో చదివినవారు. వారికి తాము పొందినది ఊరక వచ్చినట్లు తోచదు, తమ తెలివికి వచ్చినట్లు తోచును. దుర్వినియోగము జరుగుచున్నదందురు. జరుగుచున్నది; లేని విద్యార్థులను ఉన్నట్లు చూపి సొమ్ము కాజేసిన సంస్థలు ఉన్నవి, వాటిని పట్టి దండింపవలసినదే. కాని సత్యకామ జాబాలుని తలంచుకొనుడు. నీ గోత్రమేది యని హారిద్రుమత గౌతముడు అడుగగా, తన గోత్రమేదో తన తల్లికే తెలియదని ఆ బాలుడు ఉన్నదున్నట్లు చెప్పెను. ఆ దరఖాస్తులో ముఖ్యమైన గడి ఖాళీగ నుండిపోయినది. గౌతముడు ఆ ఖాళీని లోపముగ గాక, అర్హతగ చదివి, సమిధలు తెమ్మనెను. పరీక్షించుట తప్పు కాదు, గౌతముడును పరీక్షించినాడు. అనుమానముతో పరీక్షించుట వేరు, చేర్చుకొను కోరికతో పరీక్షించుట వేరు. ఏటేట తన పేదరికమును కొత్తగ రుజువు చేసికొనుమని అడుగబడు పిల్ల, చదువుతోపాటు మరియొక పాఠమును నేర్చుకొనుచున్నది. అది మన మెవ్వరమును పాఠ్యప్రణాళికలో వ్రాయనిది.

నేనును ఉపకార వేతనముమీద చదివినవాడనే. మా తండ్రిగారికి ఏడుగురు తల్లుల పేర్లు తెలిసియుండెను. నాకు అన్నము పెట్టినవారెవరో నాకు తెలియదు. ఉప్పు కొన్నవారు, కిరసనాయిలు కొన్నవారు, బస్సు టిక్కెట్టు కొన్నవారు, తమ పిల్లలను బడికి పంపలేక నన్ను పంపినవారు. వారిలో నేటికి ఎందరు మిగిలియున్నారో. మొన్న మహాలయమున తర్పణము చేయుచు గురువుల వరుస ముగించి, ఒక నిమిషము చేయి చాచి ఊరకుంటిని. పేరు లేనివారికి, గోత్రము తెలియనివారికి, నీళ్లు విడువను తమవారంటూ లేనివారికి చివర తడిబట్ట పిండి విడుచు ఉదకమొకటి ఉన్నది. చిన్ననాటినుండి దానిని తొందరగ ముగించి లేచెడివాడను. ఆ దినమున బట్ట మెల్లగ, కడపటి చుక్కవరకు పిండితిని.